ముంపు ఊళ్లో ఒక తలుపు: ప్రాజెక్టు డైరీ

ఏప్రిల్ 3

ముగ్గురం కలిసి ఒక చిన్న హారర్ గేమ్ చేస్తున్నాం. ఒకతను కోడ్ రాస్తాడు, ఒకమ్మాయి సౌండ్ చూసుకుంటుంది, బొమ్మలు నా వంతు. పగలంతా ఎవరి ఉద్యోగాలు వాళ్లవి, కాబట్టి ఈ పని రాత్రి తొమ్మిది దాటాకే మొదలవుతుంది. కథ ఇంకా రెండు వాక్యాలే ఉంది: డ్యామ్ కింద మునిగిన ఊరు ఎండాకాలంలో నీళ్లు దిగితే బయటపడుతుంది, ఆడేవాడు ఒక సాయంత్రం ఆ ఊళ్లోకి దిగుతాడు. గేమ్ తెరవగానే కనిపించే బొమ్మ ఎలా ఉండాలంటే "చూడగానే ఒళ్లు జలదరించాలి బ్రో" అని కోడ్ అబ్బాయి వాట్సాప్‌లో పెట్టాడు. నాకున్న బ్రీఫ్ అంతే.

ఊరి కోసం నేను వెతుక్కోనక్కర్లేదు. మా అవ్వ పుట్టి పెరిగి, పెళ్లయి, మా అమ్మనూ మామనూ కన్న ఊరు శ్రీశైలం డ్యామ్ వెనక నీళ్లలో ఉంది. 1981లో ఖాళీ చేయించారు. కృష్ణకు ఇవతల కర్నూలు వైపు, అవతల మహబూబ్‌నగర్ వైపు వంద దాకా ఊళ్లు అలాగే పోయాయి. చిన్నప్పుడు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ఎన్నడూ బొమ్మ గీయలేదు.

ఈ రోజు క్రిటా అనే బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్‌లో 24 చిన్న చిన్న స్కెచ్‌లు. అగ్గిపెట్టె సైజు, రంగు లేదు, మూడే మూడు షేడ్లు: నలుపు, బూడిద, తెలుపు. ఇంత చిన్నగా గీస్తే వివరాలతో మోసం చేయడానికి కుదరదు. బొమ్మ నిలబడుతుందో లేదో నలుపు తెలుపుల అమరికే చెప్పేస్తుంది. 24లో రెండు పనికొస్తాయి. ఒకదాంట్లో గుడి గోపురం నీళ్లలోంచి సగం బయటికి. ఇంకోదాంట్లో ఖాళీ వీధి, చివర ఒక ఇల్లు.

ఏప్రిల్ 9

వీధి స్కెచ్‌ను రంగుల్లోకి తెచ్చాను. చందమామ, మోకాలెత్తు పొగమంచు, కూలిన పెంకుటిళ్లు, చివరి ఇంటి కిటికీలో లాంతరు, గుమ్మంలో జుట్టు విరబోసుకున్న ఆడపిల్ల. ఆరు గంటలు పట్టింది. టీమ్‌లో ఇద్దరికీ తెగ నచ్చింది.

నాకు మాత్రం రాత్రి పదిన్నరకు వచ్చే దెయ్యాల సీరియల్ టైటిల్ కార్డులా కనిపిస్తోంది. ఎక్కడ చూసినా "భయపడు, భయపడు" అని చెప్పే వస్తువే. చూసేవాడికి వెతుక్కునే పని ఒక్కటీ మిగల్లేదు. పైగా పెంకుటిళ్లు! మా అవ్వ వాళ్లవైపు పెంకుటిళ్లు ఎక్కడివి? అవన్నీ మట్టి మిద్దెలు. నాలో కూర్చున్న ఏ కోస్తా సినిమానో ఆ పెంకులు తెచ్చి పెట్టేసింది.

పిల్లను చెరిపేశాను. బొమ్మ కొంచెం మెరుగైంది. లాంతరు చెరిపాను. ఇంకొంచెం మెరుగైంది. అక్కడ ఆపి పడుకున్నాను.

ఏప్రిల్ 13

అవ్వకు ఫోన్ చేశాను. మిద్దె ఎలా కట్టేవాళ్లో అడుగుదామని.

చెప్పింది: రాతి గోడ, మధ్య బురద. పైన దూలాలు, దంతెలు, వాటి మీద చవుడు మట్టి. వెలుతురుకి నెత్తిన ఒక గవాక్షం. వానొస్తే దాని మీద బండ మూసేవాళ్లు. నేను రాసుకుంటూ, "మరి వచ్చేసేటప్పుడు ఏమేం తెచ్చుకున్నారవ్వా?" అన్నాను.

"ఏం తెచ్చుకుంటాం నాయినా. వాకిండ్లు పెరుక్కోనొచ్చుకున్నాం. దూలాలు పెరుక్కోనొచ్చుకున్నాం. మాను దొరకద్దా మళ్లీ? ఊరు ఊరంతా వాకిండ్లు పీకినాము."

అక్కడ వాకిలి అంటే తలుపు. "వాకిలి వెయ్యి" అంటే తలుపు మూయమని. కోస్తా నుంచి వచ్చిన మా నాన్న పెళ్లయిన కొత్తలో ఆ మాట విని ముగ్గు వేయమంటున్నారనుకున్నాడని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుతారు.

ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏమీ గీయలేదు. ఊరంతా తలుపుల్లేని ఇళ్లు. ఎవరూ కూల్చలేదు, ఎవరూ తగలబెట్టలేదు. ఉన్నవాళ్లే ఎవరి తలుపు వాళ్లు భుజాన వేసుకుని వెళ్లిపోయారు. కిటికీలో లాంతరు కంటే ఇది ఎంతో చల్లగా తాకింది నన్ను.

అక్కడి నుంచి ఆలోచన దానంతట అదే వచ్చింది. అన్ని ఇళ్లకూ తలుపుల్లేవు. ఒక్క ఇంటికి ఉంది. మూసి ఉంది.

ఏప్రిల్ 19

బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్‌లో వీధిని దిమ్మలతో కట్టి, మామకు వీడియో కాల్‌లో చూపించాను. మామ మేస్త్రీ. నలభై ఏళ్లుగా గోడలు కడుతున్నాడు.

"అల్లుడూ, గోడలు నిలబెట్టినావే!"

"ఏం మామా?"

"బురదతో కట్టిన గోడ నీళ్లలో ఎన్నాళ్లుంటది? నలభై ఏళ్లు నానినాక యాడుంటది? రెండేళ్లకే బురద జారిపోతది. రాళ్లు కుప్ప పడతాయి. ఉంటే పునాది ఉంటది, అరుగుబండ ఉంటది, రోలు ఉంటది. గుడి అంటావా, అది వేరే. దాన్ని రాయి మీద రాయి కూర్చోబెట్టి కట్టినారు."

వారం పని పోయింది. మూసిన తలుపు ఆలోచనా దాంతోపాటే పోయిందని రెండు రోజులు ఫైల్ తెరవలేదు. గోడే లేకపోతే తలుపు దేనికి?

ఏప్రిల్ 21

గోడ లేకపోతేనే కదా తలుపు చూడాల్సింది!

ఇల్లు కరిగిపోయింది. చుట్టూ మోకాలెత్తు రాళ్ల కుప్పలు. ఇంటి పునాది దిబ్బ మీద దర్వాజా మాత్రం నిలబడి ఉంది, రెండు రెక్కలూ బిగించి. పక్క నుంచి నడిచి వెనక్కి వెళ్లిపోవచ్చు. అయినా మూసే ఉంది. పిచ్చి ఉత్సాహం వచ్చింది. రాత్రి రెండింటి దాకా ఆ ఒక్క ముక్క మీదే కూర్చున్నాను.

మే 4

ఊరికే నెట్‌లో ఫోటోలు చూసి గీస్తే మళ్లీ పెంకులు వచ్చి కూర్చుంటాయని భయమేసి, రెండు రోజులు సెలవు పెట్టి కర్నూలు బస్సెక్కాను. అక్కడి నుంచి మామ బండి మీద సంగమేశ్వరం గుడికి.

ఏడాదిలో ఎక్కువ రోజులు ఈ గుడి నీళ్ల కిందే. డ్యామ్ నిండుమట్టం 885 అడుగులు. నీళ్లు 840 దరిదాపులకు దిగితే గుడి పూర్తిగా బయటపడుతుంది. బురద కడిగి, పూజలు మొదలుపెడతారు. మళ్లీ వరద వచ్చి నీళ్లు గర్భగుడిలోకి చేరేదాకా చేస్తారు. లోపలి లింగం వేప చెక్కది. ఇన్నేళ్లుగా ఏటేటా మునుగుతూ తేలుతూ ఉంది. "చూసినావా, యాప మాను," అన్నాడు మామ, తానే చెక్కినంత గర్వంగా. చెక్కను కుళ్లబెట్టే బూజుకు గాలి కావాలి. అడుగున బురదలో కూరుకుపోయినదానికి గాలి అందదు. తడిసి ఆరి, తడిసి ఆరితేనే చెక్కకు చేటు. అయినా లింగం ఇన్నేళ్లు నిలిచింది కాబట్టి నా తలుపు నిలబడటం అసాధ్యమేమీ కాదు. కొంచెం అతిశయోక్తి, అంతే.

(ముంపులోకి పోవాల్సిన గుళ్లు కొన్నిటిని రాయి రాయికీ నంబరు వేసి విప్పి ఎత్తుకెళ్లారు. కూడవెల్లి సంగమేశ్వరాలయం ఇప్పుడు అలంపురంలో ఉంది, రూపాల సంగమేశ్వరం కర్నూలు దగ్గర జగన్నాథగట్టు మీద ఉంది. గుళ్లను ప్రభుత్వం మోసింది, తలుపుల్ని జనం మోశారు.)

ఇంటర్నెట్ చెప్పనివి మూడు దొరికాయి.

ఒకటి: మంచు లేదు. మే నెలలో నల్లమల పక్కన పొగమంచు ఎక్కడిది? ఉన్నదల్లా దుమ్ము. ఎండిన బురద పొడి గాలికి లేచి దూరాన్ని లేత గోధుమరంగులో ముంచేస్తుంది. మంచులా చల్లగా కాదు, నోట్లోకి వచ్చే రకం.

రెండు: నేల పగుళ్లు. కూర్చుని దగ్గరగా చూశాను. బురద పెచ్చులు అంచుల దగ్గర అప్పడంలా పైకి లేచి ఉన్నాయి. మధ్య మధ్యలో ఆల్చిప్పలు, నత్త గుల్లలు, తెగిన వల ముక్క. ఒక పెచ్చు ఎత్తితే కింద ఇంకా తడి, చేపల వాసన. అంత ఎండలో, కాలి కింద బెత్తెడు లోతున, నది ఇంకా ఉంది.

మూడోదే అసలుది. తలెత్తితే చుట్టూ గుట్టల మీద ఒకే ఎత్తులో ఒక గీత. గీతకు పైన చెట్లు, కింద బోడి నేల. స్కేలు పెట్టి గీసినట్టు ఏ గుట్టకైనా సరిగ్గా అక్కడే. నిండుమట్టం గీత అది. నేను నిలబడింది 840 దగ్గరైతే ఆ గీత నా నెత్తికి 45 అడుగుల పైన. నాలుగంతస్తుల మేడంత నీళ్లు ఉండాల్సిన చోట నిలబడి మంచినీళ్ల సీసా తాగుతున్నాను. ఇంకో రెండు నెలలకు ఇక్కడ చేపలు తిరుగుతాయి.

గట్టు మీద టీ తాగేటప్పుడు కూడా ఆ గీతనే చూస్తున్నాను. మామ రెండుసార్లు పిలిస్తే గానీ వినపడలేదు.

మే 5

తలుపు ఉంది! అవ్వ వాళ్ల తలుపు. ముంపు ఊరి నుంచి ఎద్దులబండి మీద వచ్చిన వేప తలుపు ఇప్పుడు పునరావాస కాలనీలో మామ ఇంటి దొడ్డివైపు ఉంది. ముందు వైపుకి మామ ఇనుప గ్రిల్లు పెట్టించాడు.

స్కాన్ చేద్దామనుకున్నాను. ఫోన్‌తో చుట్టూ తిరిగి ఫోటోలు తీసి మెష్‌రూమ్ అనే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే, ఫోటోల్లో ఒకేలా కనిపించే చుక్కల్ని పట్టుకుని అది త్రీడీ రూపం కడుతుంది. 140 ఫోటోలు తీశాను. ల్యాప్‌టాప్ మూడు గంటలు ఆపసోపాలు పడి ఇచ్చిన ఫలితం చెదలు తిన్న రొట్టెలా ఉంది. కారణం చూస్తే తెలిసిపోతోంది. సంక్రాంతికి మామ దానికి నిగనిగలాడే ఆకుపచ్చ ఎనామిల్ పెయింట్ కొట్టించాడు. మెరిసే నున్నటి పచ్చదనంలో పట్టుకోవడానికి చుక్క ఏది? నేను జరిగినప్పుడల్లా మెరుపూ జరుగుతుంది, సాఫ్ట్‌వేర్ తికమక పడుతుంది.

ఇలాంటప్పుడు స్టూడియోల్లో మెరుపు చంపే స్ప్రే వాడతారు. అక్కడ నాకు దొరికింది ముగ్గుపిండి. తడిబట్టతో తలుపు తుడిచి ముగ్గుపిండి చల్లాను. అత్త చూసింది.

"ఏందబ్బీ ఇది! ఆ ముగ్గు నేలకెయ్యి, వాకిలికి కాదు!"

"పది నిమిషాలత్తా, తుడిచేస్తాను."

"తుడిచేది నువ్వా, నేనా?"

నేనే తుడిచాను. ఎండ పడకుండా మామ దుప్పటి పట్టుకుని నిలబడ్డాడు. నీడలో తీసిన రెండో విడత పని చేసింది. రెక్కల మీద చెక్కిన పద్మాలు, పగిలిన మూల, ఇనుప బొడిపెలు, అన్నీ వచ్చాయి. రంగు మాత్రం లోపలి వైపు నుంచి తీసుకున్నాను. అక్కడ పెయింట్ వేయలేదు, నలభై ఏళ్ల చేతి జిడ్డుతో నల్లబడ్డ అసలు వేప ఉంది. ఆ వైపే ఒక చెక్క గడియ, బయటి వైపు ఒక గొలుసు.

అవ్వ నులకమంచం మీద కూర్చుని అంతా చూసింది. ఏమీ అనలేదు.

మే 11

హైదరాబాద్. మళ్లీ రాత్రి తొమ్మిది.

నేల పగుళ్లకు బ్లెండర్‌లో వొరొనాయ్ అనే గళ్ల టెక్స్చర్ పెట్టాను, అందరూ పెట్టేదే. చూస్తే తేనెపట్టులా వచ్చింది. తెచ్చుకున్న ఫోటోలు పక్కన పెట్టుకుని ఎక్కడ తేడా ఉందో గంట వెతికాను. కీళ్ల దగ్గర ఉంది. వొరొనాయ్‌లో మూడు గీతలు సమానంగా, ఇంగ్లీషు వై అక్షరంలా కలుస్తాయి. నా ఫోటోల్లో ఎక్కువ చోట్ల టీ అక్షరంలా ఉన్నాయి: ముందు ఒక పొడవాటి పగులు, తర్వాత దానికి అడ్డంగా వచ్చి ఆగిపోయిన ఇంకోటి. కొత్త బురద మొదటిసారి ఎండినప్పుడు పగుళ్లు ఒకదాని తర్వాత ఒకటి పుడతాయి, వెనక వచ్చింది ముందు దానికి లంబంగా తగిలి ఆగుతుంది. అదే మట్టి మళ్లీ మళ్లీ తడిసి ఎండుతూ పోతే అప్పుడు మెల్లగా వై వైపు జరుగుతాయి. ఇక్కడ ఏటా కొత్త ఒండ్రు పడుతుంది, కాబట్టి టీ.

టెక్స్చర్ తీసేసి పొడవాటి పగుళ్లు ముందు, అడ్డం పగుళ్లు తర్వాత చేత్తో గీశాను. ఎవరూ గమనించరని తెలుసు. గమనించకపోయినా "ఇది నిజం నేల" అని కన్ను ఒప్పుకుంటే, ఆ పైన నేను చెప్పే ఒక్క అబద్ధం నిలబడుతుంది.

మే 14

లెన్స్ దగ్గర అనుకోని లాభం దొరికింది.

బ్లెండర్‌లో కెమెరాకు 24 ఎం.ఎం. లెన్స్ పెట్టి, తలుపుకు 20 మీటర్ల దూరంలో నిలబెట్టాను. బాగానే ఉంది, విశాలంగా ఉంది. కానీ నీటి గీత ఎక్కడ? గుట్టలు వెనక్కి పారిపోయి చిన్నవైపోయాయి, గీత తలుపు వెనక దాక్కుంది. 85 ఎం.ఎం.కి మార్చి, తలుపుకు 70 మీటర్ల దూరం దాకా వెనక్కి వెళ్లాను. తలుపు సైజు అంతే ఉంది, గుట్టలు మాత్రం దగ్గరికి జరిగి వచ్చి పైన నిలబడ్డాయి. గీత తలుపు నెత్తి దాటి పైకెక్కింది. ఊరు మొత్తం గీతకు కిందికి వెళ్లిపోయింది.

కోడ్ అబ్బాయికి పంపాను. "ఏదో ఊపిరాడనట్టుంది, ఏం మార్చావు?" అన్నాడు. లెన్స్ అన్నాను. నమ్మలేదు.

మే 18

వెలుతురు. చందమామను ఏప్రిల్లోనే తీసేశాను. మిట్టమధ్యాహ్నం పెట్టి చూశాను, కొత్తగా ఉంది గానీ డాక్యుమెంటరీలా ఉంది. తెల్లవారుజాము ఎందుకో ఆశగా కనిపిస్తోంది. చివరికి మిగిలింది మునిమాపు. అసురసంధ్య. పడుకోకూడదు, తల దువ్వకూడదు, అప్పు ఇవ్వకూడదు అని చిన్నప్పుడు ఎన్ని ఆంక్షలో ఆ అరగంటకు. భయపెట్టడానికి నేను కొత్తగా కష్టపడక్కర్లేదు, సగం పని మన ఇళ్లలోనే జరిగిపోయింది.

దాన్ని గీయడం మాత్రం తేలిక కాదు. కెమెరా చూసినట్టు మసకను కన్ను చూడదు. పగటి చూపు 555 నానోమీటర్ల దగ్గర, పసుపు కలిసిన ఆకుపచ్చలో చురుగ్గా ఉంటుంది. చీకటి పడే కొద్దీ ఆ చురుకు 507 దగ్గరికి, నీలిపచ్చలోకి జరుగుతుంది. ఎరుపు ముందు చచ్చిపోతుంది. 19వ శతాబ్దం మొదట్లో పుర్కిన్యే అనే చెక్ శాస్త్రవేత్త దీన్ని గుర్తించాడు, ఆయన పేరే పెట్టారు. అంటే బొమ్మ మొత్తాన్ని నల్లగా చేస్తే సాయంత్రం రాదు. ఎర్రమట్టిని ఎక్కువగా, నీలం ఛాయల్ని తక్కువగా ముంచాలి. క్రిటాలో రెండర్ (బ్లెండర్ తీసిచ్చిన బొమ్మ) మీద ఎరుపు చానల్‌ని విడిగా పట్టుకుని కిందికి లాగాను. వెంటనే నేల గడ్డకట్టిన నెత్తురు రంగుకి తిరిగింది, ఆకాశం, ఆల్చిప్పలు మాత్రం వెలుగుతూ మిగిలాయి. ఇంత తెల్లగా ఆల్చిప్పలు ఎందుకు మెరుస్తున్నాయా అని చూసేవాడికి ఒక అనుమానం. ఉండనీ.

స్కాన్‌లో మామ ఇంటి గడప మీది పసుపూ కుంకుమ బొట్లూ కూడా వచ్చాయి. సౌండ్ అమ్మాయి వాటిని ఉంచమంది. కుంకుమ ఆ వెలుతురులో నల్ల చుక్కలుగా భలే ఉంది, ఒప్పుకుంటాను. కానీ తాజా పసుపు ఉందంటే ఎవరో వచ్చి వెళ్లారని అర్థం. నీళ్లు దిగినప్పుడు పాత ఊరు చూసుకోవడానికి జనం నిజంగానే వస్తారు. అప్పుడు తలుపు కథ మొత్తం ఒక మామూలు జవాబుతో ముగుస్తుంది. చెరిపేశాను. గంట వాదించుకున్నాం.

మే 23

ఆకాశంలో మెట్లు!

రెండర్‌ను పీఎన్‌జీగా తీసి పెద్ద మానిటర్ మీద పెడితే, పడమటి ఆకాశం సాఫీగా దిగడానికి బదులు చారలు చారలుగా ఉంది. 8 బిట్ ఫైల్‌లో ఒక్కో రంగుకు ఉన్నవి 256 మెట్లే. నా ఆకాశం చీకటిది కదా, అందులో 38 నుంచి 62 దాకా, అంటే 25 మెట్లే వాడుతోంది. 800 పిక్సెళ్ల ఎత్తుని 25 మెట్లు పంచుకుంటే ఒక్కోటి 32 పిక్సెళ్ల పట్టీ. కనపడక చస్తుందా?

16 బిట్‌కు మార్చి మళ్లీ తీశాను. నేను పని చేసే ఫైల్‌లో చారలు పోయాయి. ఫోన్‌కి పంపాలంటే చివరికి 8కే దిగాలి కాబట్టి పైన సన్నటి గ్రెయిన్ చల్లాను. పట్టీల అంచులు ఆ రేణువుల్లో కలిసిపోయాయి. ఇక అయిపోయిందనుకుని వాట్సాప్‌లో పంపితే, అది ఫైల్‌ను నలిపి గ్రెయిన్‌ను మింగేసి చారల్ని మళ్లీ బయటికి తెచ్చింది. డాక్యుమెంట్‌గా పంపాలి. ఈ విషయం నేను ప్రతి ప్రాజెక్టులోనూ కొత్తగా నేర్చుకుంటాను.

ఇంకో సంగతి: తమ్ముడి పాత ఫోన్‌లో, బాల్కనీలో పెట్టి చూస్తే బొమ్మ మొత్తం నల్ల పలక. అడుగు నలుపును సున్నా నుంచి 12కి లేపాను.

మే 28

పరీక్ష. ఐదుగురికి మూడు సెకన్లు చూపించి, ఏం చూశారో చెప్పమన్నాను. ముగ్గురు "ఎడారిలో తలుపు" అన్నారు. ఒకరు "చెరువు ఎండిపోయింది" అన్నారు. ఒకాయన "సిమెంట్ ప్రకటనా?" అన్నాడు. నీటి గీతను ఒక్కరే పట్టుకున్నారు, అదీ పేరు పెట్టలేక "పైన ఏదో అంచు" అన్నారు. ఫర్వాలేదు, గీత అలా వెనక నుంచి పని చేస్తే చాలు.

ఎడారి మాట మాత్రం గుచ్చుకుంది. ఊరు కనిపించడం లేదు. రోలు ఒకటి, తులసికోట మొదలు ఒకటి, అరుగుబండలు రెండు వరసలు చేర్చాను. అరుగులు ఎదురెదురుగా రాగానే మధ్యన ఉన్నది వీధి అయిపోయింది. పక్క దిబ్బల మీద తలుపులు పీకిన చోట గడపరాయి మాత్రం వదిలాను, ఆరేడు ఇళ్లకు. ఇప్పుడు ఆ ఒక్క తలుపును చూడగానే, మిగతావి ఏవీ అనే ప్రశ్న వస్తుంది.

మరో చిక్కు. ఈ తలుపు లోపల నుంచి గడియ వేసి ఉంది. బయట నుంచి చూసేవాడికి అది ఎలా తెలియాలి? గొలుసు కొండీకి తగిలించి లేదు, కిందికి వేలాడుతోంది, అయినా రెక్కల మధ్య వెంట్రుక దూరే సందు లేదు. గీశాను, ఐదుగురిలో ఒక్కరికీ అందలేదు. అసలు గొలుసే కనపడలేదు వాళ్లకి.

మే 30

గొలుసు కోసం రెండు రాత్రులు.

దాన్ని పెద్దది చేస్తే బొమ్మ దానికోసమే ఉన్నట్టుంది. మెరిపిస్తే నగలా ఉంది. చివరికి గొలుసును ముట్టుకోకుండా తలుపును మార్చాను. గొలుసు వెనక చెక్క మీద, ఏళ్ల తరబడి ఊగి ఊగి గీసిన అర్ధచంద్రాకారపు గాటు ఒకటి లేతగా వేశాను. మామ ఇంటి తలుపు మీద నిజంగా ఉంది అది, స్కాన్‌లో వచ్చింది, మరకేమో అనుకుని నేనే మొదట్లో తుడిచేశాను. ఇప్పుడు కన్ను ముందు గాటు మీద పడి, దాని వెంట జారి, కింద వేలాడే గొలుసు దగ్గర ఆగుతోంది. గడప ముందు బురద పెచ్చులు ఒక్కటీ నలగలేదు. తలుపు అడుగున ఒండ్రు చెక్కను అంటుకుని ఎండిపోయి ఉంది, తెరిచిన జాడ లేదు.

సౌండ్ అమ్మాయికి ఏమీ చెప్పకుండా పంపాను. అర్ధరాత్రి దాటాక రిప్లై వచ్చింది: "ఆగు. ఇది లోపల నుంచి వేసుందా?"

జూన్ 2

ఆదివారం కదా, మామ ఫోన్‌లో అవ్వకు చూపించమన్నాను. వీడియో కాల్‌లో అవ్వ ముఖం తెర నిండా వచ్చింది. కళ్లజోడు సరిచేసుకుని, తెర మీద వేలితో దుమ్ము తుడిచినట్టు తుడిచి చాలాసేపు చూసింది.

"కడప ఎత్తు సాలదు నాయినా. మా కడప ఇంకా ఎత్తు. నీళ్లబిందె సంకన పెట్టుకోని దాటాలంటే కాలు ఇంతెత్తు ల్యాపాల." చేత్తో చూపించింది. నిజమే, ఇప్పుడున్న గడప మామ ఇంట్లో కొత్తగా వేసినది, తలుపుతో పాటు దాన్నీ స్కాన్ చేసేశాను.

"ఇంకేమైనా తేడా ఉందా అవ్వా?"

"పొద్దు గూకినట్టుందే ఇది?"

"అవును, సందె వేళ."

"మరి వాకిలి మూసినారేంది? సందేళ వాకిలి మూస్తారా యాడన్నా? లచ్చిమి వచ్చే పొద్దు అది." పక్కనున్న మామ వైపు తిరిగింది. "ఎవురిండ్లు రా ఇది?"

మామ ఏమీ అనకుండా ఫోన్ తన వైపుకు తిప్పుకున్నాడు. అవతల అత్త దొడ్డి వాకిట్లో దీపం పెడుతోంది.

గడప నాలుగు అంగుళాలు లేపాను. దాంతో గొలుసు నీడ కొంచెం జరిగింది, దాన్ని సరిచేసేసరికి పదకొండున్నర. తలుపు మూసే ఉంచాను. ఫైల్ పేరు ముంపు_31. రేపు కోడ్ అబ్బాయికి ఇవ్వాలి, డాక్యుమెంట్‌గా.